ఐదు సెకన్ల తేడా

ట్రిగ్గర్ నొక్కితే చాలు... దానంతటదే మరో తూటా ఎక్కించుకుని సిద్ధంగా ఉండే రైఫిల్ ఒకటి. ప్రతి తూటాకీ చేత్తో బోల్టు లాగి, నెట్టాల్సిన రైఫిల్ మరొకటి. రెండింట్లోనూ పేలేది ఒకే తూటా. మరి దేని గురి గొప్ప? వందేళ్లుగా తెగని ఈ పంచాయితీ ఇప్పటికీ ఓ సరస్సు ఒడ్డున, గడియారం ముందు పెట్టుకుని సాగుతూనే ఉంది!

నాంపల్లి నుమాయిష్‌కి వెళ్లిన ప్రతి కుటుంబానికీ తెలిసిన సీనే ఇది. బల్లమీద మోచేయి ఆనించి, ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టి నాన్న రైఫిల్ ఎక్కుపెడతాడు. ఎదురుగా ఎర్రవీ పచ్చవీ బెలూన్లు. టప్! ఒక్కటీ పగలదు. పక్కన పిల్లలు నవ్వాపుకోలేక నోళ్లు మూసుకుంటారు. నాన్న మాత్రం తగ్గడు. తుపాకీని అటూ ఇటూ తిప్పి చూసి 'గొట్టమే వంకరగా ఉంది' అని తేల్చేస్తాడు. షాపువాడు నవ్వుతూ అదే తుపాకీ అందుకుని వరసగా మూడు బెలూన్లు పేల్చేస్తాడు.

తప్పు చేతిదా? తుపాకీదా? సరదాగా తీసిపారేసే ప్రశ్నలా ఉంటుందిగానీ, గురిపోటీలకు వెళ్లేవాళ్లు దీనిమీద ఏళ్లతరబడి వాదించుకుంటారు. అందులోనూ ఎక్కువ వేడి పుట్టించే వాదన పాయింట్ 22 రైఫిళ్ల గురించి. 'సెమీ ఆటోమేటిక్‌తో డబ్బాలు కొట్టుకోవచ్చు. నిజమైన గురి కావాలంటే బోల్టు రైఫిల్ పట్టాల్సిందే' అనేది ఒక వర్గం మాట. 'మంచి గొట్టం, మంచి తూటా పెట్టి చూడు, అప్పుడు మాట్లాడదాం' అనేది రెండో వర్గం సవాలు.

సెమీ ఆటోమేటిక్ అనగానే సినిమాల్లో గడగడా పేలే మెషిన్‌గన్ గుర్తొస్తుంది. అది కాదిది. దీంట్లో ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒకటే తూటా పేలుతుంది. కాకపోతే ఖాళీ తొడుగును బయటికి విసిరేసి, కొత్త తూటాను లోపలికి ఎక్కించుకునే పని రైఫిలే చూసుకుంటుంది. బోల్టు రైఫిల్‌లో ఆ పని మనిషిది. పిడి పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకు నెట్టి, కిందికి దించాలి.

ఆ నాలుగు కదలికలకీ ఖరీదు కట్టినవాళ్లున్నారు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, ఈరీ సరస్సు ఒడ్డున క్యాంప్ పెర్రీ అనే చోట 1907 నుంచి జాతీయ గురిపోటీలు జరుగుతున్నాయి. సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్, పొట్టిగా సీఎంపీ అనే సంస్థ 2002లో అక్కడ 'రిమ్‌ఫైర్ స్పోర్టర్' అనే పోటీ మొదలుపెట్టింది. ఈ పోటీలో సెమీ ఆటోమేటిక్, బోల్టు రైఫిళ్లు ఒకే వరసలో పక్కపక్కనే పోటీపడతాయి. గబగబా కాల్చాల్సిన అంచెలో ఐదు తూటాలకు సెమీ ఆటోమేటిక్‌కి 25 సెకన్లు ఇస్తారు. చేత్తో తూటా ఎక్కించే రైఫిల్‌కి 30 సెకన్లు. అంటే బోల్టు తిప్పే శ్రమకు నిబంధనల పుస్తకం కట్టిన వెల... ఐదు సెకన్లు!

షాపులో కొన్న రైఫిల్ చాలు

స్పోర్టర్ పోటీకి వచ్చే రైఫిల్ బరువు, చూపు అద్దాలతో సహా ఏడున్నర పౌన్లు, అంటే సుమారు మూడు కిలోల 400 గ్రాములు దాటకూడదు. ట్రిగ్గర్ కనీసం మూడు పౌన్ల బరువును మోసేంత గట్టిగా ఉండాలి. బైనాక్యులర్‌లాంటి స్కోపు వాడేవారికి ఒక తరగతి, మామూలు ఇనుప చూపుతో కాల్చేవారికి మరో తరగతి. ఈ నిబంధనల వెనక ఉద్దేశం ఒకటే. లక్షలు పోసి కొన్న పోటీ రైఫిల్ గేటు బయటే ఉండిపోవాలి, ఇంట్లో గోడకి వేలాడుతున్న మామూలు రైఫిల్‌తో వచ్చినవాడికీ అవకాశం ఉండాలి. గల్లీ క్రికెట్‌లో అందరూ ఒకే ప్లాస్టిక్ బ్యాటుతో ఆడాలని పిల్లలు పెట్టుకునే షరతులాంటిది.

మొత్తం 60 తూటాలు. పడుకుని, కూర్చునో మోకాలిమీదో 50 గజాల దూరం నుంచి, నిలబడి 25 గజాల నుంచి కాల్చాలి. ప్రతి భంగిమలోనూ పది తూటాలు నింపాదిగా పది నిమిషాల్లో, పది తూటాలు ఐదేసి చొప్పున హడావుడిగా. అంటే సగం పోటీ, 30 తూటాలు, ఆ 25 లేదా 30 సెకన్ల గడియారం కిందే నడుస్తుంది. లక్ష్యంలో పది మార్కుల వలయం వెడల్పు 1.78 అంగుళాలు... సుమారు నాలుగున్నర సెంటీమీటర్లు. అన్నీ అందులో పడితే 600. వినడానికి తేలిగ్గా ఉంటుంది. నిలబడి, మూడున్నర కిలోల బరువు చేతుల్లో ఊగుతుంటే, సరస్సు మీంచి గాలి కొడుతుంటే ఆ వలయం ఆవగింజంత కనిపిస్తుంది.

పది రోజులు... తొమ్మిది తప్పులు

సెమీ ఆటోమేటిక్ అభిమానుల్ని కదిపితే ముందుగా వచ్చే పేరు ఆడాల్ఫ్ టాపర్‌వైన్. టెక్సాస్ వాసి. వించెస్టర్ కంపెనీ తరఫున ఊరూరా తిరిగి గురి విన్యాసాలు చేసేవాడు. భార్య ఎలిజబెత్ పెళ్లయ్యేనాటికి తుపాకీ ముట్టుకోలేదు. మొగుడి దగ్గర నేర్చుకుని ఆయనకు దీటైన గురికత్తె అయింది. నేర్చుకునే రోజుల్లో డబ్బాకి గుండు తగిలినప్పుడల్లా వచ్చే శబ్దాన్ని అనుకరించడం వల్లే ఆమెకు 'ప్లింకీ' అనే ముద్దుపేరు వచ్చిందంటారు. ఇద్దరూ కలిసి కొన్ని దశాబ్దాలపాటు ప్రదర్శనలిచ్చారు.

1907లో శాన్ ఆంటోనియోలో టాపర్‌వైన్ చేసిన పని ఇప్పటికీ కథలా చెప్పుకుంటారు. రెండుంపావు అంగుళాల చెక్క ముక్కల్ని గాల్లోకి ఎగరేస్తుంటే పది రోజులపాటు కాలుస్తూనే ఉన్నాడు. మొత్తం 72,500 ముక్కలు. తప్పినవి తొమ్మిదంటే తొమ్మిదే! ఆయన చేతిలో ఉన్నది వించెస్టర్ 1903 మోడల్, ఆ కంపెనీ తొలి సెమీ ఆటోమేటిక్ పాయింట్ 22 రైఫిల్. అప్పట్లో మామూలు పాయింట్ 22 తూటాల్లో చాలావాటిలో నల్లమందే ఉండేది. నాలుగు పేల్చేసరికి రైఫిల్ లోపలంతా మసి. దానంతటది నడవాల్సిన యంత్రానికి మసి పట్టడమంటే మృత్యువే. అందుకే వించెస్టర్ ఈ రైఫిల్ కోసమే పొగరాని మందుతో ప్రత్యేకంగా తూటా తయారు చేసింది.

ఆ తర్వాత 1959లో రెమింగ్టన్ కంపెనీ సేల్స్‌మన్ టామ్ ఫ్రై వంతు. కట్టె బదులు నైలాన్‌తో బాడీ చేసిన 'నైలాన్ 66' అనే కొత్త రైఫిల్ అప్పుడే మార్కెట్‌లోకి వచ్చింది. 'ప్లాస్టిక్ తుపాకీ ఏం పేలుతుంది' అని జనం ముక్కు విరిచారు. ఫ్రై 13 రోజుల్లో 1,00,010 చెక్క ముక్కలు కాల్చి ఆరు మాత్రమే తప్పాడు. 1987లో జాన్ హఫర్ అనే మరొకాయన రూగర్ 10/22 రైఫిళ్లతో ఎనిమిది రోజుల్లో 40,060 ముక్కల్ని ఒక్కటి కూడా తప్పకుండా కొట్టాడు.

వింటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. కానీ బోల్టు వర్గం ఊరుకుంటుందా? వాళ్ల అభ్యంతరంలో న్యాయముంది. రెండుంపావు అంగుళాల ముక్క కొద్ది అడుగుల దూరంలో ఎగిరితే దాన్ని కొట్టడానికి కావలసింది మెరుపులాంటి కన్ను, అలసిపోని భుజం, మొరాయించని యంత్రం. గుండు ముక్క మధ్యలో తగిలిందా, అంచున తగిలిందా అని ఎవరూ కొలవరు. ఈ రికార్డులు రైఫిల్ నమ్మకాన్ని నిరూపించాయి, మనిషి మొండితనాన్ని నిరూపించాయి. గురి సంగతి తేలాలంటే కాగితం మీద చిన్న చిల్లుల మధ్య దూరం కొలవాలి.

సగం గుట్టు తూటాలోనే

కాగితం ముందుకు వచ్చేసరికి రెండు వర్గాలూ ఒప్పుకునే విషయం ఒకటుంది. రైఫిల్ ఏదైనా ముందుగా అడగాల్సింది 'ఏ తూటా?' అని.

పాయింట్ 22 లాంగ్ రైఫిల్ తూటా పుట్టింది 1887లో. దాని రూపం ఇప్పటికీ పెద్దగా మారలేదు. పెద్ద తూటాల్లో అడుగున నట్టనడుమ చిన్న బిళ్ల ఉంటుంది, దానిమీద దెబ్బ పడితే లోపల మందు అంటుకుంటుంది. పాయింట్ 22లో ఆ బిళ్ల ఉండదు. ఇత్తడి తొడుగు అడుగున మడిచిన అంచులోనే నిప్పు పుట్టించే మందు ఉంటుంది. అందుకే దీన్ని రిమ్‌ఫైర్, అంటే అంచున పేలేది అంటారు. ఫ్యాక్టరీలో ఆ మందును తడిగా ఉండగానే తొడుగులో వేసి గిరగిరా తిప్పితే అంచంతా పరుచుకుంటుంది. గారెపిండిలా అన్ని చోట్లా ఒకే మందంలో ఉంటుందన్న హామీ లేదు. ఒకచోట కాస్త ఎక్కువ, ఒకచోట కాస్త తక్కువ. మందు తక్కువున్నచోట సుత్తి పడిందా... గుండు వేగం మారిపోయినట్టే.

వేగం మారితే ఏమవుతుంది? చిన్న లెక్క. ఈ గుండు బరువు రెండు గ్రాముల ఆరువందల మిల్లీగ్రాములు. సెకనుకు సుమారు 320 మీటర్ల వేగంతో వెళ్తుంది. యాభై మీటర్లు చేరేలోపు భూమి ఆకర్షణకు పన్నెండు సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. చూపును ఆ మేరకు సర్దుకుంటారు కాబట్టి ఇబ్బంది లేదు. కానీ తర్వాతి గుండు సెకనుకు పది మీటర్లు ఎక్కువ వేగంతో వెళ్లిందంటే దాదాపు ఏడు మిల్లీమీటర్లు పైన తగులుతుంది. ఒలింపిక్ పోటీలో పది మార్కుల వలయం మధ్య నుంచి అంచు దాకా ఉండేది 5.2 మిల్లీమీటర్లే! కాల్చినవాడు శ్వాస, వేలు, కన్ను అన్నీ సరిగ్గా పెట్టినా మార్కు జారిపోవచ్చు.

వేగం పెంచితే సరిపోతుందిగా అనిపిస్తుంది. అదీ కుదరదు. శబ్దవేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. దాన్ని మించి బయల్దేరిన గుండు మధ్యలో నెమ్మదించి శబ్దవేగం కిందికి దిగేటప్పుడు ఊగిసలాడుతుంది. అందుకే పోటీ తూటాలన్నీ ఆ గీతకు కాస్త కిందే ఆగుతాయి. షాపుల్లో డబ్బాలకు డబ్బాలు అమ్మే చవక 'హై వెలాసిటీ' తూటాలు ఆ గీత దాటేస్తాయి. సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కి గురి లేదన్న చెడ్డపేరు చాలావరకు ఈ చవక తూటాల వల్లే వచ్చింది. దానిలోని బోల్టును వెనక్కి నెట్టాలంటే తూటాకి కాస్త దమ్ముండాలి. దాంతో జనం హై వెలాసిటీవే వేస్తారు, చిల్లులు చెల్లాచెదురుగా పడతాయి, నింద రైఫిల్ మీద పడుతుంది.

పెద్ద తూటాలు వాడేవాళ్లు ఖాళీ తొడుగుల్లో మళ్లీ మందు కూరి, తమకు నచ్చినట్టు తూటా తయారు చేసుకోవచ్చు. అంచులో పేలే తూటాకి ఆ వీల్లేదు. ఫ్యాక్టరీ ఇచ్చిందే ప్రసాదం. అందుకే పెద్ద పోటీల్లో పాల్గొనేవాళ్లు తమ రైఫిల్‌ను చంకన పెట్టుకుని ఫ్యాక్టరీకే వెళ్తారు. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ దగ్గర ఎలీ, జర్మనీలో షోనెబెక్‌లో లాపువా ఇందుకు పేరుమోసిన చోట్లు. రైఫిల్‌ను బిగింపులో పెట్టి, ఒకే కంపెనీ ఒకే రకం తూటాల్లోనే వేర్వేరు రోజుల్లో తయారైన లాట్లను ఒక్కొక్కటిగా కాల్చి చూస్తారు. ఒక లాట్ చిల్లులన్నీ పాత యాభై పైసల బిళ్ల కింద దాక్కుంటే, పక్క లాట్‌వి రూపాయి బిళ్ల దాటి బయటికొస్తాయి. నచ్చిన లాట్ దొరికితే వేలకు వేలు కొనుక్కుని ఇంటికి తెచ్చుకుంటారు. పెళ్లిచీరలకి కంచి వెళ్లినట్టే... అక్కడ రంగు చూస్తారు, ఇక్కడ చిల్లు చూస్తారు. తమాషా ఏంటంటే ఒకరి రైఫిల్‌కి అమృతంలాంటి లాట్ పక్కవాడి రైఫిల్‌కి అసలు పడకపోవచ్చు.

నుమాయిష్ షాపువాడి రహస్యం కూడా దీనికి దగ్గరిదే. ఆ గొట్టం ఎటు వంకరో ఆయనకు తెలుసు. బెలూన్‌కి ఎంత పక్కన చూపు పెట్టాలో చేతికి అలవాటైపోయింది.

బోల్టు కదిలేలోపు...

ఇక యంత్రం సంగతి. పాయింట్ 22 సెమీ ఆటోమేటిక్‌లో దాదాపు అన్నీ ఒకే సూత్రం మీద నడుస్తాయి. తూటా వెనక ఓ బరువైన ఇనుప బోల్టు, దాని వెనక స్ప్రింగ్. బోల్టుకి తాళం ఉండదు, దాని బరువే తాళం. తూటా పేలగానే గుండు ముందుకి, తొడుగు వెనక్కి నెట్టుకుంటాయి. బోల్టు గుండు కంటే ఎన్నో రెట్లు బరువు కాబట్టి నింపాదిగా కదులుతుంది.

బోల్టు వర్గం మొదటి అభ్యంతరం ఇక్కడే. 'గుండు గొట్టంలో ఉండగానే లోపల ఇనుము కదులుతుంటే గురెక్కడిది?' అంటారు. ఇది పూర్తిగా నిజం కాదు. గుండు గొట్టం దాటడానికి పట్టేది సెకనులో వెయ్యో వంతులు రెండో మూడో. ఆ లోపు బోల్టు కదిలేది కొద్ది మిల్లీమీటర్లే. అది వెనక్కి వెళ్లి ఠప్పున కొట్టుకునేసరికి గుండు గొట్టాన్ని వదిలేసి దారిన పడుంటుంది. భుజానికి తెలిసే ఆ పెద్ద కుదుపు గురిని చెడగొట్టలేదు, ఆలస్యంగా వచ్చిన బంధువు భోజనాల్ని చెడగొట్టలేనట్టు.

అసలు నష్టం వేరేచోట ఉంది. తూటా కూర్చునే గూటిని ఛాంబర్ అంటారు. పోటీ బోల్టు రైఫిల్‌లో ఆ గూడు బిగుతుగా ఉంటుంది. తూటాను వేలితో పెట్టి బోల్టు నెట్టితే గుండు ముక్కు సరిగ్గా గొట్టంలోని మెలిగీతల్ని ముద్దాడుతూ, ప్రతిసారీ ఒకే చోట, ఒకే తీరున కూర్చుంటుంది. సెమీ ఆటోమేటిక్‌లో అంత బిగుతు పెడితే తూటా ఇరుక్కుపోతుంది. స్ప్రింగ్ తోసిన తోపుకి లోపలికి జారాలి, ఖాళీ తొడుగు తేలిగ్గా బయటికి రావాలి. అందుకని గూడు కాస్త వదులుగా చేస్తారు. వదులున్నచోట గుండు ఒకసారి తిన్నగా, ఒకసారి వెంట్రుకవాసి పక్కకి కూర్చుంటుంది. పైగా ఈ గుండు మెత్తటి సీసం. మ్యాగజైన్‌లోంచి విసురుగా ఎక్కేటప్పుడు ముక్కు గీసుకుపోవచ్చు. సుత్తి పైనుంచి కిందికి పడే సమయమూ పోటీ రైఫిల్ సూది కదిలే సమయం కంటే ఎక్కువ. ఆ కాస్త వ్యవధిలో గుండె ఒకసారి కొట్టుకుంటే గొట్టం కొస కదిలిపోతుంది. ఇవన్నీ చిన్నచిన్నవే. కలిస్తే మిల్లీమీటర్లవుతాయి.

ఈ మిల్లీమీటర్ల మీద యుద్ధం ప్రకటించినవాళ్లకి ఆయుధం అయింది రూగర్ 10/22. స్టర్మ్ రూగర్ కంపెనీ 1964లో విడుదల చేసినప్పుడు దాని ధర యాభై నాలుగున్నర డాలర్లు. పాయింట్ 22 తూటాకి అడుగున అంచు పొడుచుకుని ఉంటుంది కాబట్టి ఒకదానిమీద ఒకటి పేర్చితే అంచూ అంచూ తగులుకుని ఇరుక్కుంటాయి. రూగర్ వాళ్లు మ్యాగజైన్ లోపల గుండ్రంగా తిరిగే చక్రం పెట్టి పది తూటాలకీ పది గదులు చేశారు. ఒకదాని అంచు మరొకదానికి తగలదు. పేరులోని పది అదే.

అంతకంటే ముఖ్యమైన సంగతి, గొట్టాన్ని మరలు కోసి బిగించకుండా రెండు స్క్రూలతో పట్టి ఉంచారు. దాంతో ఎవరైనా ఇంట్లో బల్లమీద పెట్టుకుని పాత గొట్టం తీసి కొత్తది తగిలించుకోవచ్చు. మనదగ్గర మారుతీ 800 ఎలాగో అక్కడ ఇది అలాగ. ఏ మూల చూసినా విడిభాగాలే. అయోవా రాష్ట్రంలోని వోల్‌క్వార్ట్‌సన్, టెక్సాస్‌లోని కిడ్ లాంటి చిన్న కంపెనీలు దీనికి మేలైన గొట్టాలు, రెండంచెల ట్రిగ్గర్లు చేసి పేరు తెచ్చుకున్నాయి. యంత్రం ఇరుక్కోకుండా, గుండు మాత్రం బిగుతుగా కూర్చునేలా 'బెంట్జ్' అనే మధ్యేమార్గం ఛాంబర్ కూడా వాడుకలోకి వచ్చింది. ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోతే చివరికి కంపెనీ ఇచ్చిన స్క్రూ ఒక్కటీ మిగలకపోవచ్చు!

ఫలితం? పెట్టెలోంచి తీసిన మామూలు 10/22 సాధారణ తూటాలతో 50 గజాల్లో ఐదు చిల్లుల్ని అంగుళం నుంచి రెండంగుళాల మధ్య పరుస్తుంది. గొట్టం, ట్రిగ్గర్ మార్చి, పోటీ తూటాలు వేస్తే అర అంగుళానికి దిగుతుంది. స్పోర్టర్ పోటీ వలయం 1.78 అంగుళాలు. కాబట్టి అక్కడ యంత్రానికి సాకు లేదు. వలయం బయట పడిన గుండుకి బాధ్యత చాలావరకు కాల్చినవాడిదే.

ఒలింపిక్స్‌లో తలుపు మూసేశారు

ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ లక్ష్యంలో పది మార్కుల వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లు, చిటికెనవేలి గోరంత. ఇక్కడ అర అంగుళం చాలదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో పడుకుని కాల్చే పోటీ చూస్తే ఎంత సన్నటి లెక్కో అర్థమవుతుంది. బెలారస్‌కి చెందిన సెర్గీ మార్టినోవ్ అర్హత రౌండులో 60కి 60 తూటాలూ పదిలోనే పెట్టి 600 సాధించాడు. హైదరాబాదీ గగన్ నారంగ్ అంతకు కొద్దిరోజుల ముందే పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచి, ఈ పోటీలోనూ దిగాడు. ఫైనల్ చేరలేదు. చేరిన కోల్‌కతా షూటర్ జయదీప్ కర్మాకర్ నాలుగో స్థానంలో ఆగిపోయాడు. కాంస్యం గెలిచిన స్లొవేనియా షూటర్ రాజ్‌మండ్ డెబెవెట్స్‌కి 701.0, కర్మాకర్‌కి 699.1. డెబ్బై తూటాల్లో తేడా 1.9 మార్కులు! ఆ లోటు తీరడానికి భారత్ పన్నెండేళ్లు ఆగాల్సి వచ్చింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మూడు భంగిమల పోటీలో, కొల్హాపూర్ ప్రాంతానికి చెందిన రైల్వే ఉద్యోగి స్వప్నిల్ కుసాలే 451.4 స్కోరుతో కాంస్యం తెచ్చాడు.

వీళ్లందరి చేతుల్లో ఉన్నది ఒక్కో తూటా చేత్తో పెట్టే రైఫిళ్లే. అది ఇష్టాయిష్టాల సంగతి కాదు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నిబంధనే అది. కాబట్టి సెమీ ఆటోమేటిక్ రైఫిల్ అక్కడ ఓడిపోయిందనడానికి లేదు. దాన్ని అసలు పరీక్షకే కూర్చోనివ్వలేదు.

మంచుమీద స్కీయింగ్ చేసుకుంటూ వచ్చి మధ్యలో ఆగి కాల్చే బయథ్లాన్ ఇంకా విచిత్రం. అక్కడ ప్రతి సెకనూ ప్రాణమే, రొప్పుతూ ఐదు తూటాలు కాల్చి పరుగెత్తాలి. సెమీ ఆటోమేటిక్‌కి ఇంతకంటే తగిన చోటు ఉండదు. నిబంధన మాత్రం కూడదంటుంది, తూటా ఎక్కించే బలం కండలదే అయి ఉండాలి. దాంతో జర్మనీలో పీటర్ ఫార్ట్నర్ బోల్టును పైకెత్తి దించే పనిలేకుండా చూపుడువేలితో వెనక్కి లాగి, బొటనవేలితో ముందుకి నెట్టే పద్ధతి కనిపెట్టాడు. చెయ్యి పిడిని వదలదు, చెంప కదలదు. యాభై మీటర్ల దూరంలో పడుకుని కొట్టాల్సిన గుండ్రటి లక్ష్యం 45 మిల్లీమీటర్లు, క్యాంప్ పెర్రీ వలయమంతే!

పిస్తోళ్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం తలుపు తెరిచే ఉంది. 25 మీటర్ల పోటీల్లో వాడేది అదే పాయింట్ 22 తూటా పేల్చే సెమీ ఆటోమేటిక్ పిస్తోలు. 2012 లండన్‌లో విజయ్‌కుమార్ రజతం తెచ్చింది దాంతోనే. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్తోలులో వ్యక్తిగత రజతం, మను భాకర్, రిథమ్ సాంగ్వాన్‌లతో కలిసి జట్టు స్వర్ణం గెలిచిందీ దాంతోనే. మహిళల పోటీలో మొదటి సగం ఐదు తూటాలకు ఐదు నిమిషాల గడువుతో నింపాదిగా సాగుతుంది. తొందర లేని ఆ అంచెలోనూ అందరి చేతుల్లో సెమీ ఆటోమేటిక్కే. కాకపోతే అక్కడి పది వలయం ఐదు సెంటీమీటర్లు. రైఫిల్ వాళ్ల గోరంత చుక్కతో దాన్ని పోల్చడం న్యాయం కాదు.

టిక్... టిక్...

మళ్లీ క్యాంప్ పెర్రీకే వద్దాం. గబగబా కాల్చే అంచె. సెమీ ఆటోమేటిక్ పట్టినవాడికి తూటాకి ఐదు సెకన్లు, బోల్టు పట్టినవాడికి ఆరు. ఆ అదనపు సెకను చాలా పెద్దదనిపిస్తుంది. కానీ ఆ ఆరింట్లోనే బోల్టు పట్టినవాడి చెయ్యి పిడిని వదలాలి, బోల్టు తిప్పాలి, మళ్లీ పట్టుకోవాలి. చెంప కట్టె మీంచి లేస్తే చూపు మళ్లీ వెతుక్కోవాలి. పడుకున్నప్పుడు మోచేయి కాస్త జరిగిందంటే రైఫిల్ చూసే దిక్కే మారిపోతుంది. సెమీ ఆటోమేటిక్‌కి ఈ బాధల్లేవు. ఒంటిని సరిగ్గా కుదుర్చుకుంటే రైఫిల్ ఎగిరి తనంతట తనే వలయం మీదికి వచ్చి కూర్చుంటుంది.

దాని బాధ వేరు. సిద్ధంగా ఉన్న తూటా వేలిని ఊరిస్తుంది. నాలుగు సెకన్లు ఆగి చూపు సర్దుకోవాల్సినవాడు రెండో సెకనులోనే నొక్కేస్తాడు. పదిహేను సెకన్లకే ఐదూ అయిపోయి, మిగతా పది సెకన్లు ఖాళీ రైఫిల్‌తో దిక్కులు చూస్తాడు. బోల్టు తిప్పేవాడికి ఆ తొందర యంత్రమే పట్టనివ్వదు. ఇక ఖాళీ తొడుగు ఒకటి బయటికి పోకుండా మధ్యలో ఇరుక్కుందంటే... గడియారం ఆగదు. మార్కులు కాగితం మీద కాదు, రైఫిల్ లోపలే పోతాయి. నిబంధనలు రాసినవాళ్లు ఈ ఇరుక్కోవడాన్ని కూడా ఆ ఐదు సెకన్లలో కలిపి లెక్కవేశారో లేదోగానీ, పోటీకి ముందు రోజు రాత్రి సెమీ ఆటోమేటిక్ యజమాని ఛాంబర్ తుడుచుకుంటూ కూర్చునేది మాత్రం దాని గురించే.

నిలబడి కాల్చే ఆఖరి అంచెలో దూరం 25 గజాలే అయినా ఊపు ఎక్కువ. కాళ్లు అలిసిపోయి ఉంటాయి. వలయం కింది నుంచి పైకి, పక్క నుంచి పక్కకి ఈదుతూ ఉంటుంది. మధ్యలోంచి దాటే క్షణాన్ని పట్టుకోవాలి. ఒకరు ఆ క్షణం కోసం ఆగుతూ, మరొకరు బోల్టు తిప్పుతూ, ఇద్దరూ ఐదో తూటా పేల్చేసరికి విజిల్ వినిపిస్తుంది. రైఫిళ్లు ఖాళీ చేసి కింద పెట్టి లక్ష్యాల దగ్గరికి నడుస్తారు. తొమ్మిదికీ పదికీ మధ్య పడిన చిల్లు దగ్గర అందరూ వంగి చూస్తారు, గీతను తాకిందా లేదా అని. తాకితే పదే.